సిరియాక్ నేర్చుకోవాలంటే ముందు ఏ పుస్తకం కొనాలె?

వేయిస్తంభాలు, హనుమకొండ

అందరికీ నమస్తే. సిరియాక్ భాష, అదే పాతకాలం తూర్పు దేశాల క్రైస్తవుల అరమాయిక్, ఇంట్ల కూసోని సొంతంగ నేర్చుకోవాలని ఉన్నది. ముందుగాల పెషిత్తా (సిరియాక్ బైబిల్) సువార్తలు మూలంల చదవాలె. ఆ తర్వాత నాలుగో శతాబ్దం సిరియాక్ కవి ఎఫ్రేము రాసిన పద్యాలు మెల్లమెల్లగ అర్థం చేసుకోవాలె. ఇంగ్లీషుల రాసిన వ్యాకరణం చదివితే సమజైతది. ఉర్దూ అక్షరాలు చదువుడు, రాసుడు వస్తది. హీబ్రూ, అరబ్బీ రావు. తెలుగుల నేర్పే పుస్తకం ఎంత దేవులాడినా దొరకలె.

ఇప్పటిదాక కాగితం మీద రాసుకున్న పేర్లు ఇవి: వ్యాకరణాలల్ల థాక్‌స్టన్, రాబిన్సన్-కోక్లీ, కిరాజ్ ప్రైమర్, మురావొకా, నోల్డెకె. నిఘంటువులల్ల పేన్ స్మిత్, సోకలోఫ్. అన్నీ బయటి దేశాల నుంచి రావాలె, అన్నీ కొనుడు నాతోని కాదు. ఒక్క వ్యాకరణం, ఒక్క నిఘంటువు. అంతే.

ఇంకో రెండు అనుమానాలు. ఈ భాషకు మూడు లిపులున్నయట, దేనితోని మొదలుపెట్టాలె? ఒకరు ‘మల్కా’ అంటరు, ఇంకొకరు ‘మల్కో’ అంటరు. ఏది సరైనది?


కాజీపేట జంక్షన్

తమ్మీ, పుస్తకం పేరు ఆఖరుకు తేలుతది. ముందు తేలాల్సింది, నువ్వు చదవబోయే పాఠం ఏ లిపిల అచ్చయిందనేది. చానమంది ఇక్కడనే తప్పుతరు. ఒక లిపిల వ్యాకరణం కొంటరు, ఇంకో లిపిల నిఘంటువు కొంటరు, మూడో లిపిల బైబిల్ దించుకుంటరు. నెల రోజులకు మూడూ అటకెక్కుతయి.

లిపులు మూడు. ఎస్త్రంగెలా అన్నిటికన్న పాతది. తొలి శతాబ్దాల రాతప్రతులు దాంట్లనే ఉంటయి, ఇప్పటి పండితుల ముద్రణలు కూడ ఎక్కువగ దాంట్లనే వస్తయి. సెర్టో పశ్చిమ సిరియాక్ చర్చిలది. మద్నహాయా తూర్పు చర్చిలది. అక్షరాలు మూడింట్లనూ ఆ 22 మాత్రమే, వరుస కూడ ఒక్కటే. ఉర్దూ లెక్కనే కుడి నుంచి ఎడమకు, కలిపి రాస్తరు. ఎనిమిది అక్షరాలు తమ ఎడమ పక్క అక్షరంతోని కలవయి: ఆలఫ్, దాలత్, హే, వావ్, జైన్, సాదే, రేష్, తావ్. ఉర్దూల అలిఫ్, దాల్, రే, వావ్ ఎట్ల కలవవో అదే పద్ధతి కాబట్టి ఇది నీకు ఒక్క పూటల పట్టుబడుతది.

నీకు పెషిత్తా సువార్తలు కావాలన్నవు. అచ్చు గుర్తులన్నీ (హల్లు మీద ఆ, ఈ, ఊ లాంటి పలుకు చూపే గుర్తులు) పెట్టి, సులువుగ దొరికే కొత్త నిబంధన బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ 1920ల వేసింది. అది సెర్టోల ఉన్నది. నీ ఎఫ్రేముకు సెబాస్టియన్ బ్రాక్, జార్జ్ కిరాజ్ కలిసి 2006ల తెచ్చిన ఎంపిక పద్యాల పుస్తకం బాగుంటది. ఒక పక్క అచ్చు గుర్తులతోని సిరియాక్, ఎదురు పేజీల ఇంగ్లీషు. అంటే నీ రెండు పనులకూ అచ్చు గుర్తులతోని ఉన్న పాఠం దొరుకుతది. ఇది చిన్న విషయం కాదు. ఎఫ్రేము పద్యాలను ఎడ్మండ్ బెక్ పండిత ముద్రణగ తెచ్చిండు గని, దాంట్ల అచ్చు గుర్తులుండవు. మొదటి సంవత్సరం దాని జోలికి పోవద్దు.

కాబట్టి నా మాట: రాబిన్సన్ వ్యాకరణం, కోక్లీ సరిచేసిన ముద్రణ తీసుకో. 5వ ముద్రణ 2002ది, 6వది 2013ది. ఏదైనా పనికొస్తది. దాంట్ల పాఠాలు సెర్టోల, పశ్చిమ అచ్చు గుర్తులతోని నడుస్తయి. సిరియాక్ నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి సిరియాక్‌కు, రెండు దిక్కుల అభ్యాసాలున్నయి. రెండోది కష్టమని వదిలిపెట్టకు. క్రియారూపం చూసి గుర్తుపట్టుడు వేరు, చూడకుండ రాసుడు వేరు. రాయగలిగినోనికే చదువంగ తడబాటు రాదు.

నోల్డెకె మాత్రం మొదటి పుస్తకంగ కొనొద్దు. అది ఆరేళ్ల పోరనికి పెద్దబాలశిక్ష బదులు పాణిని చేతికిచ్చినట్టయితది. జర్మన్‌ల 1880ల వచ్చింది, రెండో ముద్రణ 1898, దాని ఇంగ్లీషు అనువాదం 1904. ఇప్పటికీ దానికి సాటి లేదు, కాని అది సందేహం వచ్చినప్పుడు సెక్షన్ నంబరు పట్టుకొని తీసి చూసే పుస్తకం. పాతది కాబట్టి స్కాన్ ఉచితంగ దొరుకుతది. దించి పెట్టుకో, చాలు. మురావొకా చిన్న వ్యాకరణం మంచిదే, వెనుక చదువుకోవడానికి పాఠాలు కూడ ఉన్నయి. కాని ఇంతకుముందు ఒక సెమిటిక్ భాష చూసినోళ్లకు అది తొందరగ ఎక్కుతది.


నాలుగు గీతలు, కరీంనగర్

కాజీపేట అన్న చెప్పినదాంట్లో లిపి విషయం పూర్తిగా ఒప్పుకుంటాను. పుస్తకం దగ్గర నా అభిప్రాయం వేరు. గురువు లేకుండా చదివేవారికి థాక్‌స్టన్ మేలు.

కారణం చెప్తాను. రాబిన్సన్ పుస్తకం పేరులోనే రూపాల పట్టికలు ఉన్నాయి. పట్టిక ముందు, వివరణ తక్కువ. పక్కన చెప్పేవారుంటే అది చక్కగా నడుస్తుంది. థాక్‌స్టన్ 1999లో వచ్చింది, 20 పాఠాలు. కొత్త మాటకు ఎస్త్రంగెలా అక్షరాలతో పాటు రోమన్ లిపిలో ఉచ్చారణ కూడా ఇస్తారు. అంటే ఏ అక్షరం పలకాలో, ఏది మింగాలో మొదటి రోజు నుంచే కళ్లకు కనపడుతుంది. సిరియాక్‌లో ఇది ఎంత అవసరమో యోహాను సువార్త మొదటి నాలుగు మాటలు చూస్తే తెలుస్తుంది.

‘బ్రేషీత్ ఈతవ్ వా మెల్తా’, ఆదియందు వాక్యముండెను. ‘ఈతవ్’ అని పలికే మాటలో రాసే అక్షరాలు ఆరు: ఆలఫ్, యోద్, తావ్, వావ్, హే, యోద్. చివరి హే, యోద్ రెండూ పలకవు. తర్వాతి ‘వా’ రాతలో హే, వావ్, ఆలఫ్. అక్కడా మొదటి హే మూగదే. రాత మాత్రమే చూసి చదివేవారు ‘ఈతౌహీ హవా’ అని అలవాటు చేసుకుంటారు, ఆ అలవాటు ఊడదీయడానికి నెలలు పడుతుంది. ఇంకో సంగతి కూడా ఈ వాక్యంలోనే ఉంది. ‘మెల్తా’ స్త్రీలింగం. క్రియ మాత్రం పుంలింగంలో ఉంది. ఇది అచ్చు తప్పు కాదు. ఇక్కడ వాక్యమంటే క్రీస్తు కాబట్టి పెషిత్తా పుంలింగం వాడింది. ఇది తెలియనివారు తమకు వ్యాకరణం రాలేదనుకుని వెనక్కి పోయి మళ్లీ లింగాల పాఠం చదువుతారు.

థాక్‌స్టన్‌తో వచ్చే ప్రమాదం ఒక్కటే. రోమన్ లిపి పక్కనే ఉంటుంది కాబట్టి కన్ను దాని మీదికే పోతుంది. పాఠం మొదటిసారి చదివాక రోమన్ వరుస మీద అట్టముక్క పెట్టి మూసి, సిరియాక్ అక్షరాలనే పైకి చదవాలి. ఒక్క మాట దగ్గర ఆగినా ఆ పాఠం అయినట్టు కాదు. ఒక్కో పాఠానికి 8 నుంచి 10 రోజులు పెట్టుకోండి. రోజుకు 40 నిమిషాలు చాలు, కానీ రోజూ ఉండాలి. ఆదివారం మూడు గంటలు కూర్చుని మిగతా ఆరు రోజులు వదిలేస్తే రూపాలు నిలవవు.

కిరాజ్ ప్రైమర్ గురించి ఒక మాట. భాషాశాస్త్రం మాటలు లేకుండా, ఏమీ తెలియనివారి కోసం రాసిన పుస్తకం. ఆడియో కూడా ఉంది. వ్యాకరణం లోతు తక్కువ. అచ్చంగా చదవడం నోటికి రావాలంటే మొదటి రెండు నెలలకు బాగుంటుంది, ఒక్క పుస్తకమే కొనగలిగినవారు దాంతో ఆగితే ఎఫ్రేము దాకా చేరరు.

రాయడానికి నాలుగు గీతల నోట్‌బుక్ వాడండి. లామద్ పైకి లేస్తుంది, నూన్ చివర కిందికి దిగుతుంది. ఒక గీత నోట్‌బుక్‌లో అన్ని అక్షరాలూ ఒకే ఎత్తుకు వచ్చి గుర్తుపట్టలేకుండా అవుతాయి. రోజుకు మూడు అక్షరాలు, ఒక్కోటి మొదట, మధ్య, చివర, విడిగా. ఎనిమిది రోజుల్లో 22 అయిపోతాయి.


మంచిర్యాల మలుపు

‘మల్కా’నా ‘మల్కో’నా అని అడిగిండ్రు. రెండూ సరైనవే. రాజు అని అర్థం. రాసే అక్షరాలు ఒక్కటే: మీమ్, లామద్, కాఫ్, ఆలఫ్. తూర్పోళ్లు దీర్ఘం ‘ఆ’ను ‘ఆ’ గానే ఉంచిండ్రు, పడమటోళ్లు దాన్ని ‘ఓ’ చేసిండ్రు. పరలోక ప్రార్థన మొదలు తూర్పుల ‘అవూన్ ద్వష్మయ్యా’, పడమర ‘అబూన్ ద్బష్మయో’. చూడుండ్రి, ‘బ’ మెత్తబడితే తూర్పుల ‘వ’ అయితది. ‘ష్మయ్యా’లోని జంట ‘య్య’ పడమర ఒంటిదయింది.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. మంచిర్యాల కేంద్రంగ 1999ల ఏర్పడ్డ ఆదిలాబాద్ మేత్రాసనం (ఒక బిషప్పు కింది ప్రాంతం) కేరళ క్యాథలిక్కుల సీరో మలబార్ చర్చిది, అంటే తూర్పు సిరియాక్ సంప్రదాయానిది. పూజ తెలుగులనే జరుగుతది, కాని ఆ పూజకున్న పేరు ‘కుర్బానా’ సిరియాక్ మాటనే, అర్పణ అని. పెద్ద పండుగలప్పుడు చేసే ‘రాజా’ కూడ అంతే. మర్మం అని దాని అర్థం. అది సిరియాక్‌లకు పారసీకం నుంచి వచ్చింది. మనం ఉర్దూల రహస్యాన్ని ‘రాజ్’ అంటం గద, ఆ మాటనే. కేరళల సీరో మలబార్ చర్చి 1962ల పూజను మలయాళంలకు మార్చేదాక సిరియాక్‌లనే చేసింది. అందుకే అక్కడ నేర్పే సదుపాయం నిలిచింది. కొట్టాయంల 1985ల మొదలైన సెయింట్ ఎఫ్రేమ్ పరిశోధన సంస్థ, అందరు సీరీ అనే పిలుస్తరు, ఈ భాషకే ఉన్నది. వాళ్ల ప్రచురణలు బయటి దేశం పుస్తకాల కన్న అగ్గువకు వస్తయి. కేరళ ఎక్స్‌ప్రెస్ వరంగల్‌ల ఎక్కితే కొట్టాయంలనే దిగొచ్చు.

పూజ కోసం, పాట కోసం నేర్చుకునేటోళ్లయితే తూర్పు లిపి, తూర్పు ఉచ్చారణ పట్టుకోవాలె. వాళ్లకు థామస్ అరయత్తినాల్ రాసిన అరమాయిక్ వ్యాకరణం ఉన్నది. కొట్టాయం దగ్గరి మన్నానంల 1950ల చివర్ల రెండు సంపుటాలుగ అచ్చయింది, తర్వాత గోర్జియస్ ప్రెస్సు మళ్లీ వేసింది. బైబిల్‌కు మోసుల్‌ల డొమినికన్ ఫాదర్లు 1887 నుంచి 1891 దాక వేసిన ముద్రణ తూర్పు అక్షరాలల్ల ఉన్నది.

తూర్పు లిపిల మోసపోయే తావు ఒక్కటి చెప్త. ఇక్కడ అచ్చు గుర్తులు చుక్కలు. అక్షరం మీద రెండు చుక్కలు ఏటవాలుగ ఉంటే దీర్ఘం ‘ఆ’. అదే రెండు చుక్కలు అడ్డంగ సమానంగ పడుకొని ఉంటే ‘స్యామే’, అంటే బహువచనం గుర్తు. ‘మల్కా’ ఒక రాజు, ‘మల్కే’ రాజులు. హల్లులు మారవు. పడుకున్న ఆ రెండు చుక్కలే తేడా చెప్తయి.

ఉర్దూ వచ్చన్నరు కాబట్టి ఇంకొక్కటి. తెలుగు అక్షరాలల్ల ఉచ్చారణ రాసుకోకుండ్రి. తెలుగుల ‘హ’ ఒక్కటే, సిరియాక్‌ల హే వేరు, హేత్ వేరు. ‘ట’ అని రాసుకుంటే నాలుక మడత పడుతది, తేత్ అక్షరం మన ‘ట’ కాదు. ఉర్దూ అక్షరాలల్ల రాసుకుంటే ఏదీ కలిసిపోదు. హేత్‌కు బడీ హే, తేత్‌కు తోయ్, ‘ఏ’ అనే పేరున్న అక్షరానికి ఐన్, సాదేకు స్వాద్, కోఫ్‌కు ఖాఫ్. ఒక్కొక్కదానికి ఒక్కొక్కటి ఉన్నది. కాని మన దక్కనీ అలవాటు ఒకటి అడ్డం వస్తది. మనం ఖాఫ్‌ను ‘ఖ’ అనే పలుకుతం, కబ్ర్ అనాల్సిన కాడ ‘ఖబర్’ అంటం. సిరియాక్‌ల మెత్తబడ్డ కాఫ్ అచ్చం ఆ ‘ఖ’ లెక్కనే ఉంటది. కోఫ్‌ను కూడ అట్లనే అంటే రెండు అక్షరాలు ఒక్కటయిపోతయి. సమాధిని ‘కబ్రా’ అనేటప్పుడు ‘క’ గొంతు అడుగునుంచి రావాలె.

మాటలు మాత్రం సగం నీకు ఎరుకే. సలాం అక్కడ ష్లామా, కితాబ్ క్థాబా, రూహ్ రూహా, నబీ న్బీయా, యతీమ్ యత్మా, సలీబ్ స్లీబా, మసీహ్ మ్షీహా, జబాన్‌ను లిసాన్ అంటే అక్కడ లెష్షానా.


వేయిస్తంభాలు, హనుమకొండ

అందరికీ మస్తు థాంక్స్. థాక్‌స్టన్ ఆర్డర్ పెడుతున్న. సువార్తలు సెర్టోల ఉన్నయి కాబట్టి ఆ లిపి కూడ నేర్చుకుంట.

రెండు ప్రశ్నలు మిగిలినయి. నిఘంటువు ఏది? పేన్ స్మిత్ స్కాన్ దించి చూసిన, ‘వల్మల్కే’ అనే మాట వావ్ కింద ఎంత వెతికినా దొరకలె. ఇంకోటి, స్కాన్లు కేయూ క్రాస్‌రోడ్డు కాడ ప్రింటు తీయించి స్పైరల్ బైండింగ్ చేయిస్తే పనైతదా?


కాజీపేట జంక్షన్

‘వల్మల్కే’ వావ్ కింద ఉండదు తమ్మీ. అది మూడు ముక్కలు: వ, ల, మల్కే. ‘మరియు రాజులకు’ అని. బేత్, దాలత్, వావ్, లామద్, ఈ నాలుగు అక్షరాలు మాట ముందు అతుక్కుంటయి. ‘లో, తో’ అనేదానికి బేత్, ‘యొక్క’ అనేదానికి దాలత్, ‘మరియు’కు వావ్, ‘కు’ అనేదానికి లామద్. మన తెలుగుల ఇవి వెనుకొస్తయి, అక్కడ ముందొస్తయి. మాట ఈ నాలుగింట్ల ఒకదానితోని మొదలైతే ముందు దాన్ని వేలుతోని మూసి మిగిలింది చూడు. అయితే బేత్‌తోని మొదలైన ప్రతిదాన్ని కొయ్యొద్దు. ‘బైతా’ అంటే ఇల్లు, దాంట్ల బేత్ మాటలదే.

పేన్ స్మిత్ నిఘంటువు 1903లది, ఆక్స్‌ఫర్డ్‌ల అచ్చయింది. రాసినామె జెస్సీ పేన్ స్మిత్. వాళ్ల నాయన లాటిన్‌ల చేసిన పెద్ద నిఘంటువు ఆధారంగ ఇంగ్లీషుల చేసింది. నీకు ఇదే చాలు, కొనకుండనే దొరుకుతది. మాటలు అక్షర క్రమంల ఉంటయి, ధాతువు కింద కాదు. కొత్తగ నేర్చుకునేటోనికి ఇదే పెద్ద మేలు. ‘మద్బ్హా’ తీసుకో, బలిపీఠం. ధాతువు ద-బ-హ, బలి ఇచ్చుట. పేన్ స్మిత్‌ల మీమ్ కింద నేరుగ దొరుకుతది. ధాతువుల వరుసల నడిచే కోస్తాజ్ నిఘంటువుల అయితే దాలత్ కింద వెతకాలె, అంటే ముందే ధాతువు తెల్వాలె. బ్రోకెల్‌మాన్ కూడ ధాతువుల వరుసనే, పైగా అర్థాలు లాటిన్‌ల ఉంటయి. దాన్ని సోకలోఫ్ ఇంగ్లీషుల పెట్టి, అక్షర క్రమంలకు మార్చి 2009ల తెచ్చిండు. గొప్ప పని, కాని ఎఫ్రేము మీద పరిశోధన చేసేటోళ్లకు. నువ్వు ఆ పైసలు బ్రాక్, కిరాజ్ ఎఫ్రేము పుస్తకానికి పెట్టు.

అక్షర క్రమమైనా క్రియల దగ్గర చిక్కు పోదు. చర్చిల ‘మరనాతా’ అని వింటవు గద. దాంట్ల ‘మారన్’ అంటే మా ప్రభువు. ‘ఎథా’ అంటే వచ్చాడు, అది ఆలఫ్ కింద ఉంటది. ‘రా’ అని పిలిస్తే ఒట్టి ‘తా’, ఆలఫ్ రాలిపోతది. దాన్ని తావ్ కింద కాదు, ఆలఫ్ కింద వెతకాలె. ‘న్ఫక్’ బయటికి పోయాడు, ‘పోక్’ బయటికి పో. నూన్ ఎగిరిపోయింది. ఇట్ల మాట పొట్టిగ కనపడి, నిఘంటువుల లేకపోతే ముందుకు ఒక నూన్ గాని ఆలఫ్ గాని యోద్ గాని చేర్చి చూడు, లేకపోతే చివర ఒక ఆలఫ్ చేర్చు. పదింట ఎనిమిదిసార్లు దొరుకుతది.

ఇంకో మోసం, ‘నెక్తోబ్’. ‘అతడు రాస్తాడు’ అదే, ‘మేము రాస్తాము’ కూడ అదే. అరబ్బీ చూసినోళ్లు అతనికి ముందు ‘య’ రావాలె అనుకుంటరు, సిరియాక్‌ల ‘న’ వస్తది. ఏదో ఒకటని చుట్టున్న మాటలే చెప్పాలె, పట్టికల జవాబు లేదు.

సువార్తల మటుకే అయితే జెన్నింగ్స్ 1926ల చేసిన కొత్త నిబంధన నిఘంటువు ఇంకా చిన్నది, చేతికి తొందరగ అందుతది. కిరాజ్ చేసిన ఒక పుస్తకంల కొత్త నిబంధన మాటలు ఎక్కువసార్లు వచ్చినవి ముందు, తక్కువసార్లు వచ్చినవి వెనుక పేర్చి ఉంటయి. దాంట్ల మొదటి 300 కంఠతా పడితే యోహాను సువార్తల నిఘంటువు తీసే పని సగానికి సగం తగ్గుతది.

ఫోన్ల చూసుకోవాలంటే దుఖ్రానా అనే సైట్ల పెషిత్తా వచనం పెడితే మాటమాటకు ధాతువు, నిఘంటువు పేజీ చూపిస్తది. హీబ్రూ యూనియన్ కాలేజీ వాళ్ల అరమాయిక్ నిఘంటువు కూడ ఆన్‌లైన్ల ఉన్నది. మాట చూసిన వెంటనే నొక్కొద్దు. ముందు నీ ఊహ నోట్‌బుక్కుల రాయి, తర్వాత నొక్కి సరిచూసుకో. నొక్కుడు అలవాటైతే పేజీలు తిరుగుతయి గని భాష రాదు.


నాలుగు గీతలు, కరీంనగర్

ప్రింటు విషయం జాగ్రత్త. సిరియాక్‌ను జిరాక్స్ సెంటర్ మెషీన్ పాడుచేసినట్టు ఇంకేదీ పాడుచేయదు.

దాలత్, రేష్ రెండూ అచ్చం ఒకే ఆకారం. చుక్క కింద ఉంటే దాలత్, పైన ఉంటే రేష్. ‘అబద్’ అంటే చేశాడు, ‘అబర్’ అంటే దాటాడు. తేడా ఒక్క చుక్క. ఇక బేత్, గామల్, దాలత్, కాఫ్, పే, తావ్, ఈ ఆరు అక్షరాలకు పైన చిన్న చుక్క పెడితే గట్టిగా, కింద పెడితే మెత్తగా పలకాలి. బహువచనం చుక్కలు వేరే. మూగ అక్షరానికి పెట్టే సన్నటి గీత వేరే. పట్టణం ‘మ్దీత్తా’ రాతలో నూన్ ఉంటుంది, దానికి ఆ గీత ఉంటేనే పలకొద్దని తెలిసేది. ఇంత సన్నటి సామాను నలుపు-తెలుపు ప్రింటులో నిలవదు.

షాపులో ఏం చెప్పాలంటే: గ్రేస్కేల్‌లో తీయమనండి. బ్లాక్ అండ్ వైట్ మోడ్‌లో లేత చుక్కను మెషీన్ తెల్లగా తీసేస్తుంది, కాగితం మీది మరకను చుక్క చేస్తుంది. ఒక షీటుకు ఒకే పేజీ. కాగితం కలిసొస్తుందని రెండు పేజీలు పెడితే చుక్క అక్షరానికి అంటుకుపోతుంది. స్కాన్ 300 డీపీఐకి తక్కువుంటే అసలు తీయించొద్దు. ముందు ఒక్క పేజీ తీసి, దాలత్, రేష్ రెండూ ఉన్న వరుస వెతికి, స్క్రీన్‌తో పోల్చి చూసి ఆ తర్వాతే మిగతాది. నిఘంటువు మొత్తం ప్రింటు తీయించకండి, దాన్ని ఫోన్‌లోనే పెద్దది చేసి చూడటం నయం. ప్రింటు కావలసింది యోహాను సువార్త ఒక్కటే. వరుసల మధ్య పెన్సిల్‌తో రాసుకోవడానికి.

పాత పుస్తకాన్ని స్కాన్ చేసి ఆర్డర్ వచ్చినప్పుడు అచ్చేసి అమ్మే రీప్రింట్లలో కూడా ఇదే లోపం ఉంటుంది. లోపలి పేజీ బొమ్మ చూపించకపోతే కొనకండి.

లిపి మార్చుకోవడానికి ఒక సులువు. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకు కోడ్ ఇచ్చే యూనికోడ్‌లో సిరియాక్ 1999లో, 3.0 వెర్షన్‌లో చేరింది. మూడు లిపులకూ అక్షరానికి ఒకటే కోడ్. అంటే వచనం ఒకసారి టైప్ చేసి ఫాంటు మారిస్తే ఎస్త్రంగెలా, సెర్టో, మద్నహాయా మూడూ వస్తాయి. బేత్ మర్దూథో అనే సిరియాక్ సంస్థ వాళ్ల మెల్థో ఫాంట్లు ఉచితం. విండోస్‌లో సిరియాక్ ఫొనెటిక్ కీబోర్డు ఉంది. థాక్‌స్టన్‌లో పాఠం అయినప్పుడల్లా అందులోని ఐదు వాక్యాలు టైప్ చేసి, సెర్టోకు మార్చి, పుస్తకం మూసి చదవండి. ఆలఫ్, దాలత్, రేష్, హే, మీమ్, తావ్ దగ్గరే కన్ను తడబడుతుంది. మిగతావి దాదాపు పోలికగానే ఉంటాయి. ఆరో పాఠానికల్లా రెండు లిపులూ ఒకే వేగంతో వస్తాయి, అప్పుడు పేన్ స్మిత్ సెర్టోలో ఉన్నా ఇబ్బంది ఉండదు.


మంచిర్యాల మలుపు

పెషిత్తా దించేటప్పుడు ఒకటి యాదికుంచుకోండ్రి. అసలు పెషిత్తా కొత్త నిబంధనల పుస్తకాలు 22 మాత్రమే. రెండో పేతురు, రెండో యోహాను, మూడో యోహాను, యూదా, ప్రకటన దాంట్ల లేవు. అచ్చు పుస్తకాలల్ల కనపడే ఆ ఐదు తర్వాతి అనువాదం నుంచి తెచ్చి కలిపినవి. శైలి వేరు, గ్రీకుకు అతుక్కొని నడుస్తది. కొత్తోళ్లు ప్రకటన గ్రంథంతోని మొదలుపెడితే పెషిత్తా భాష చేతికి రాదు. యోహాను, తర్వాత మార్కు, ఆ తర్వాత అపొస్తలుల కార్యాలు. రోజుకు ఐదు వచనాలు. పౌలు పత్రికలు ఆఖరుకు పెట్టుకోండ్రి, వాక్యాలు పొడుగు.


కాజీపేట జంక్షన్

ఎఫ్రేము కాడికొచ్చినప్పుడు పనికొచ్చేది ఒక్కటి చెప్పి ఆపుత. ఆయన 373ల పోయిండు. ఆయన పద్యాలు రెండు తీర్లు. పాడేటివి ‘మద్రాషే’, వాటి చందస్సు రాగాన్ని బట్టి మారుతది. చదివేటివి ‘మేమ్రే’, అవి ఏడు, ఏడుగ నడుస్తయి. ఇక్కడ మన ద్విపద లెక్క తీసుకపోవద్దు. లఘువు, గురువు, గణం ఏమీ లేవు. పలికే అచ్చులు ఎన్నో అన్ని లెక్క. ‘మల్కా’ రెండు. ‘క్థబ్’ ఒక్కటే, ఎందుకంటే ముందటి కాఫ్‌కు అచ్చు లేదు. ‘ష్మయ్యా’ రెండు, పడమటోళ్లు ‘ష్మయో’ అన్నా రెండే, కాబట్టి ఏ ఉచ్చారణల చదివినా పద్యం చెడదు.

ఒక పాదం లెక్కబెడితే నీకు ఎనిమిది వచ్చిందనుకో, లేని కాడ అచ్చు పెట్టి చదువుతున్నవన్నట్టు. ‘కెతబ్’, ‘షెమయ్యా’ అని తెలుగు నోటికి తిరిగినట్టు పలికితే అట్లనే పెరుగుతది, మనకు రెండు హల్లులు మొదట్లనే కలిసొస్తే మధ్యల ఒక అచ్చు దూర్చే అలవాటున్నది. ఆరు వచ్చిందనుకో, ముందు అతుక్కున్న వావ్‌కో లామద్‌కో రావాల్సిన ‘అ’ను మింగినవు. ‘వల్మల్కే’ మూడు, ‘వ్ల్మల్కే’ కాదు. పెన్సిల్‌తోని ప్రతి అచ్చు కింద చిన్న గీత పెట్టుకుంట పో. ఏడు గీతలు రాని పాదం కాడ ఆగి, నిఘంటువు తీయకముందే నీ చదువును సరిచేసుకో.